అంబర్‌లో కొత్త పెంకుపురుగు: రాయి చేతికొచ్చిన రోజు నుంచి పేరు అచ్చయ్యేదాకా

పురుగున్న అంబర్ (కోట్ల ఏళ్ళ కిందట కారి గట్టిపడిన చెట్టు బంక) ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టగానే ఎవరికైనా వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: ఇది కొత్త జాతా? దానికి నిమ్మళంగా జవాబు చెప్పాలంటే నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. ఎందుకంటే మీరు రాసే వర్ణన చదివే మనిషి దగ్గర మీ రాయి ఉండదు. ఎక్కడో ఇంకో దేశంలో, బహుశా ఇంకో తరంలో, తన దగ్గరున్న పురుగు మీరు చెప్పినదో కాదో మీ పేజీలూ మీ బొమ్మలూ చూసే తేల్చుకోవాలి. ఈ మార్గదర్శిలో ప్రతి అడుగునూ ఆ మనిషిని మనసులో పెట్టుకునే చెబుతున్నాను.

పెంకుపురుగుల్లో ఇప్పటికే దాదాపు 4 లక్షల జాతులకు పేర్లున్నాయి. జంతువుల్లో ఇంత పెద్ద క్రమం మరొకటి లేదు. కాబట్టి ఎవరూ అన్ని కుటుంబాల్లో నిపుణులు కాలేరు. మీ పురుగు ఏ కుటుంబానిదో తేలాక, ఆ కుటుంబంలో పనిచేసే ఒకరిని మొదటి నెలలోనే సంప్రదించండి. సహరచయితగా పిలవడానికి మొహమాటపడకండి.

మొదట రాయి పుట్టుపూర్వోత్తరాలు

పురుగు మీద ఎంత ఉత్సాహం ఉన్నా ముందు తేల్చుకోవాల్సింది రాయి సంగతే. ఏ గని, ఏ పొర, ఎవరు తీశారు, ఏ సంవత్సరంలో దేశం దాటింది, కాగితాలు ఉన్నాయా. ఇవి రాసి పెట్టుకోకుండా పని మొదలుపెడితే అంతా అయ్యాక పత్రిక ఎడిటర్ అడిగినప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టవుతుంది.

వయసు కూడా ఇక్కడి నుంచే వస్తుంది. బాల్టిక్ అంబర్ ఇయోసిన్ కాలానిది, అంటే డైనోసార్లు పోయిన తర్వాతి యుగానిది. డొమినికన్ అంబర్ మయోసిన్‌ది, సుమారు 1.5 నుంచి 2 కోట్ల సంవత్సరాలు. గుజరాత్‌లోని వస్తాన్, తడకేశ్వర్ లిగ్నైట్ గనుల్లో దొరికే ఖంభాత్ అంబర్‌ది ఇయోసిన్ తొలినాళ్ళ వయసు, 5 కోట్ల ఏళ్ళ పైమాట. లెబనాన్ అంబర్ తొలి క్రెటేషియస్‌ది, అంటే డైనోసార్లు ఇంకా తిరుగుతున్న కాలానిది. మయన్మార్‌లోని కచిన్ అంబర్ ఉన్న రాతిపొరలోని జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాలను పరీక్షించి 2012లో 9.879 కోట్ల సంవత్సరాలు, 6.2 లక్షలు అటూ ఇటూ అని తేల్చారు. గమనించండి, ఆ సంఖ్య అంబర్ చుట్టూ ఉన్న మట్టిది. చెట్టు బంక కారింది అంతకంటే ముందే అయ్యుండవచ్చు, కొట్టుకొచ్చి అక్కడ చేరి ఉండవచ్చు. అందుకే వయసు రాసేటప్పుడు అది దేన్ని కొలిస్తే వచ్చిందో కూడా ఒక వాక్యంలో రాయాలి.

కచిన్ అంబర్ గురించి ఇంకో మాట. 2017లో అది దొరికే హుకాంగ్ లోయలోని గనుల ప్రాంతాన్ని సైన్యం స్వాధీనం చేసుకుంది. ఆ తర్వాత మయన్మార్ నుంచి కొన్న శిలాజాలపై పరిశోధన పత్రాలు తీసుకోవద్దని వెన్నెముక జీవుల శిలాజాలను చదివే శాస్త్రవేత్తల సంఘం, సొసైటీ ఆఫ్ వర్టిబ్రేట్ పేలియంటాలజీ, 2020లో పత్రికలను కోరింది. కొన్ని పత్రికలు ఆ బాట పట్టాయి, కొన్ని పట్టలేదు. నా మటుకు నాకు, ఎప్పుడు బయటికొచ్చిందో రుజువు లేని రాయి మీద కొత్త జాతిని నిలబెట్టడం సరికాదనిపిస్తుంది. పురుగు ఎంత గొప్పదైనా సరే, దాన్ని తవ్వి తీసిన మనుషుల కష్టాన్ని పక్కన పెట్టి సైన్సు మాట్లాడలేం.

అసలుదేనా అని చూడడం

మోసానికి పెద్ద పెద్ద మ్యూజియంలే లొంగాయి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం 1922లో సంపాదించిన ఒక బాల్టిక్ అంబర్ ముక్కలో ఈగ ఉండేది. ఇప్పటి మరుగుదొడ్ల ఈగ, ఫానియా స్కలారిస్, అచ్చం అదే రూపంలో అన్ని కోట్ల ఏళ్ళ కిందటే ఉందని దశాబ్దాలపాటు నమ్మారు. 1993లో ఆండ్రూ రాస్ అనే పరిశోధకుడు దాన్ని పరిశీలిస్తుండగా దీపం వేడికి ఈగ చుట్టూ పగులు కనిపించింది. ఎవరో అంబర్‌ను రెండుగా కోసి, ఒక సగాన్ని తొలిచి, ఇప్పటి ఈగను పెట్టి అతికించారు. రాయి నిజమైన అంబరే, అబద్ధం లోపల ఉంది. కాబట్టి రాయినీ పురుగునూ రెంటినీ పరీక్షించాలి.

రాయికి: నీళ్ళలో ఉప్పు ఇక కరగనంత వరకు కలిపి అందులో వేయండి. అంబర్ సాంద్రత 1.05 నుంచి 1.10 మధ్య ఉంటుంది కాబట్టి తేలుతుంది, బేకలైట్ అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్ లాంటివి మునుగుతాయి. అయితే కోపల్, కొన్ని రకాల ప్లాస్టిక్ కూడా తేలుతాయి. కోపల్ అంటే ఇంకా పూర్తిగా గట్టిపడని, వయసు తక్కువున్న బంక. పురుగుకు దూరంగా, వెనక వైపు ఒక మూల ఒకే ఒక్క చుక్క అసిటోన్ పెట్టి చూస్తే కోపల్ జిగటగా మారుతుంది, అంబర్‌కు పెద్దగా ఏమీ కాదు. అనుమానం మిగిలితే ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమ్ తీయించండి. బాల్టిక్ అంబర్‌కైతే 1250 నుంచి 1150 తరంగసంఖ్యల మధ్య భుజం లాంటి చదునైన మెట్టు వస్తుంది, దాన్ని బాల్టిక్ షోల్డర్ అనే పిలుస్తారు. కాలుతున్న సూది గుచ్చి వాసన చూసే పాత పద్ధతి జోలికి మాత్రం వెళ్ళకండి. అది రాయిని పాడుచేస్తుంది.

పురుగుకు: యూవీ దీపం కింద రాయిని నెమ్మదిగా తిప్పండి. అతుకు ఉంటే వేరే రంగులో గీతలా వెలుగుతుంది. బంక కారిన పొరలు పురుగు చుట్టూ సహజంగా వంగి ఉన్నాయా, లేక పురుగు దగ్గరికి రాగానే తెగిపోయాయా అని చూడండి. మరీ నీటుగా, కాళ్ళన్నీ పరిచి, రాయికి సరిగ్గా మధ్యలో ఉన్న పెద్ద పురుగును నేను ముందు అనుమానిస్తాను.

కోత, అరగదీత, పాలిష్

ఇక్కడే ఎక్కువ పాడవుతాయి కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మొదట అరగదీయక ముందే రాయిని అన్ని వైపుల నుంచీ ఫోటో తీయండి, బరువు తూచండి, పక్కన ఇంకేమేం ఉన్నాయో రాసుకోండి. పురుగు పక్కనున్న పుప్పొడి, పురుగుల విసర్జన, బూజు, చెట్టు బెరడు ముక్క కూడా సమాచారమే. 2019లో వర్ణించిన ఆంజిమోర్డెల్లా బర్మిటినా అనే పెంకుపురుగు ఒంటి మీద పుప్పొడి రేణువులు దొరికాయి. క్రెటేషియస్‌లోనే పెంకుపురుగులు పూల మీద తిరిగి పరాగసంపర్కం చేశాయని చెప్పడానికి అవే ఆధారమయ్యాయి. అక్కడ ఎవరైనా తొందరపడి కోసేసి ఉంటే ఆ కథ మిగిలేది కాదు.

పురుగు వీపుకు సమాంతరంగా ఒక చదును ముఖం, కడుపు వైపు ఇంకొకటి, వీలైతే పక్కగా ఒకటి. ఈ మూడు కిటికీలే మీకు కావాలి. నగలవాళ్ళ సన్న రంపంతో గానీ పల్చని డైమండ్ బ్లేడుతో గానీ, నీళ్ళు పోస్తూ కోయండి. ఆపైన నీళ్ళలో తడిపిన ఎమెరీ కాగితాలు వరసగా: 400, 800, 1200, 2000, 3000, కుదిరితే 5000. ఒక కాగితం నుంచి ఇంకోదానికి మారే ముందు రాయిని కడగండి, లేకపోతే ముందు కాగితపు గరుకు రేణువు ఒకటి వెంట వచ్చి కొత్త గీత గీస్తుంది. చివర మెత్తటి తోలు మీద సీరియం ఆక్సైడ్ ముద్దతో పాలిష్. రాయి వేడెక్కకూడదు, వేడెక్కితే పగుళ్ళు పుట్టుకొస్తాయి.

పురుగుకు ఎంత దగ్గరగా వెళ్ళాలి? దగ్గరికి వెళ్ళేకొద్దీ బొమ్మ స్పష్టమవుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. నా మొదటి ముక్క మీద 800 కాగితంతో నాలుగే నాలుగు సార్లు ఎక్కువ రుద్దాను. మైక్రోస్కోపులో చూస్తే కుడి మీసం చివరి ఖండం లేదు, దాని స్థానంలో అడ్డంగా కోసిన చిన్న నల్లటి గుండ్రం మెరుస్తోంది. ఎడమ మీసం రెక్క కిందికి మడుచుకుని ఉంది. ఆ ఖండం కొన మొన తేలి ఉందా గుండ్రంగా ఉందా అన్నది ఆ ప్రజాతిలో (అంటే దగ్గరి జాతుల గుంపులో) ముఖ్యమైన లక్షణం. సీటీ స్కాన్‌కు పంపి ఎడమ మీసాన్ని బయటికి తీసేదాకా పని ఆగిపోయింది. అప్పటి నుంచి 2000 కంటే గరుకు కాగితంతో పనిచేస్తుంటే ప్రతి పది రుద్దుళ్ళకోసారి ఆపి, పక్క నుంచి చూసి, మిగిలిన మందం అంచనా వేసుకుంటున్నాను.

ఆ అంచనాలో ఒక చిక్కుంది. అంబర్ వక్రీభవన గుణకం సుమారు 1.54. అందువల్ల పై నుంచి చూసినప్పుడు పురుగు నిజంగా ఉన్న లోతు కంటే పైకి ఉన్నట్టు కనిపిస్తుంది. మైక్రోస్కోపు ఫోకస్ పై ముఖం నుంచి పురుగు దాకా 0.65 మి.మీ. కదిలితే అసలు లోతు సుమారు 1 మి.మీ. ఈ పొరపాటు మీకు అనుకూలంగానే ఉంటుంది. కానీ వంపు తిరిగిన ముఖం లోంచి చూస్తే ఆకారమే సాగిపోతుంది, కాబట్టి చదును ముఖం లేకుండా దేన్నీ కొలవకండి.

పగుళ్ళున్న, పెళుసైన రాయిని ముందు పారదర్శకమైన ఎపాక్సీలో పొదిగి తర్వాత కోయడం మంచిది. ఏ ఎపాక్సీ వాడారో రాసి ఉంచండి. ఆల్కహాల్‌తో, అసిటోన్‌తో తుడవడం ఎంత మాత్రం వద్దు.

చూడడం

పాలిష్ ఎంత బాగున్నా సన్న గీతలు మిగులుతాయి. ఒక చుక్క గ్లిజరిన్ గానీ చిక్కటి చక్కెర పాకం గానీ వేసి పైన కవర్‌స్లిప్ పెడితే గీతలు మాయమవుతాయి. పని అయ్యాక నీళ్ళతో కడిగేయాలి.

వెలుతురు ఒకే వైపు నుంచి వేసి వదిలేయకండి. ఇది నేను అందరికీ పదే పదే చెప్పే మాట. పై నుంచి వేస్తే పెంకు రెక్కల మీది గుంటలు కనిపిస్తాయి, కింది నుంచి వేస్తే కాళ్ళ ఖండాల మధ్య కీళ్ళు కనిపిస్తాయి, ఏటవాలుగా వేస్తే సన్న వెంట్రుకలు. ఒక రోజంతా దీపం చోటు మారుస్తూ, చూసింది పెన్సిల్‌తో గీసుకోండి. చేత్తో గీస్తేనే ఏది నిజంగా చూశారో, ఏది ఊహించుకున్నారో బయటపడుతుంది.

తాడును చూసి పాము అనుకునే సందర్భాలు అంబర్‌లో కోకొల్లలు. ఉదాహరణకు, రెక్క పక్క అంచు వెంట ఒక గట్టు కనిపించిందనుకోండి. ఆ గట్టు మీ కుటుంబంలో ప్రజాతులను వేరు చేసే లక్షణమే అయితే గుండె కొట్టుకుంటుంది. అప్పుడు వరసగా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ గీత పురుగు ఒంటి అంచు దాటి బయట అంబర్‌లోకి కూడా సాగుతోందా? సాగితే అది బంక కారిన పొర. రెండో రెక్క మీద కూడా ఉందా? లేకపోతే నొక్కుడు పడి ముడుచుకున్నదేమో. దీపం జరిపితే గీత కూడా జరుగుతోందా? జరిగితే అది గాలి పొర మీది మెరుపు. మూడింటినీ దాటితేనే నోటుబుక్కులో గట్టు అని రాయండి. బాల్టిక్ అంబర్‌లోనైతే పురుగు చుట్టూ తెల్లటి పాల పొర ఒకటి తరచుగా ఉంటుంది, కడుపు భాగమంతా దాని కిందే దాగిపోతుంది. అది అడ్డుగా ఉంటే ఆ భాగం కనబడలేదని రాయడమే దారి.

ఫోటోలకు ఒకే ఫోకస్ చాలదు. మైక్రోస్కోపును మెట్టు మెట్టుగా కిందికి దించుతూ పదుల కొద్దీ ఫోటోలు తీసి, హెలికాన్ ఫోకస్ గానీ జెరీన్ స్టాకర్ గానీ వాడి ఒకటిగా కలపాలి. ఈ సాఫ్ట్‌వేర్‌లు అప్పుడప్పుడు లేని వెంట్రుకలను పుట్టిస్తాయి, ఒకే వెంట్రుకను రెండుగా చూపిస్తాయి. అనుమానం వచ్చిన చోట విడి ఫోటోలు తిరగేయండి. పై ముఖానికి దగ్గరగా ఉన్న పురుగులకు లేజర్‌తో పొర పొరగా చూసే కన్‌ఫోకల్ మైక్రోస్కోపు అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే పెంకు తనంతట తాను లేజర్ కింద వెలుగుతుంది.

ఇక మైక్రో సీటీ, అంటే చిన్న వస్తువుల లోపలిని ఎక్స్‌రేలతో చూపే స్కాన్, సంగతి. పురుగు లోపల బోలుగా ఉంటే పెంకుకూ గాలికీ మధ్య తేడా బాగా వస్తుంది. లోపల అంబర్ నిండిపోతే రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. ముందే ఫలితం చెప్పడం కష్టం కాబట్టి చిన్న టెస్ట్ స్కాన్ అడగండి. మామూలు యంత్రంతో రాకపోతే చాలా బలమైన ఎక్స్‌రేలు పుట్టించే సింక్రోట్రాన్ దగ్గర ఫేజ్ కాంట్రాస్ట్ పద్ధతి ఉంది, ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లోని ఈఎస్ఆర్ఎఫ్ దీనికి పేరుపొందింది. కిరణాలకు రాయి రంగు ముదరవచ్చు, అందుకని మంచి ఫోటోలు స్కాన్ కంటే ముందే తీసి ఉంచుకోవాలి.

అయితే స్కాన్ ఉన్నంత మాత్రాన నిశ్చింత కాదు. 2020 మార్చిలో నేచర్ పత్రికలో ఆక్యులుడెంటావిస్ అనే జీవిని లోకంలోకెల్లా చిన్న డైనోసార్ యుగపు పక్షిగా ప్రకటించారు. అది కచిన్ అంబర్‌లో దొరికిన, ఒకటిన్నర సెంటీమీటర్ కూడా లేని పుర్రె. జూలైలోనే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు, అది బల్లి జాతికి చెందినదని తేలింది. బొమ్మలు చక్కగా ఉన్నాయి, చిక్కంతా వాటిని దేనితో పోల్చారన్న దగ్గర వచ్చింది.

ఏ కుటుంబం?

పెంకుపురుగుల్లో నాలుగు ఉపక్రమాలు: ఆర్కోస్టెమాటా, మిక్సోఫాగా, అడెఫాగా, పాలీఫాగా. మీ పురుగు చాలామటుకు పాలీఫాగాలోనే ఉంటుంది. అడెఫాగా అయితే కడుపు వైపు చూడగానే తెలుస్తుంది. వెనక కాళ్ళ మొదళ్ళు, అంటే కాక్సాలు, ఉదరంలో మొదట కనిపించే పలకను పూర్తిగా రెండుగా కోసేస్తాయి.

ఆపైన పాదాల ఖండాలు లెక్కపెట్టండి. ముందు, మధ్య, వెనక కాళ్ళకు వరసగా 5-5-5 అని, 5-5-4 అని రాస్తాం. 5-5-4 వస్తే టెనెబ్రియోనాయిడియా అనే కుటుంబాల సమూహం వైపు వెతకడం మొదలుపెట్టవచ్చు. ఇక్కడ కొత్తవాళ్ళు పడే గొయ్యి ఒకటుంది. ముక్కుపురుగుల్లో, ఆకు తినే క్రైసోమెలిడే కుటుంబంలో, మూడో ఖండం రెండు పాయలుగా చీలి వెడల్పుగా ఉంటుంది. నాలుగో ఖండం చిన్న పూసలా ఆ పాయల మధ్య దాక్కుంటుంది. పై నుంచి చూస్తే నాలుగే కనిపిస్తాయి. పక్క నుంచి చూస్తేనే ఐదోది తెలుస్తుంది. మూడో కిటికీ కోయమన్నది ఇందుకే.

తర్వాత మీసాల ఖండాలు, మామూలుగా 11. మీసం చివర లావుపాటి గద ఉందా, ఉంటే ఎన్ని ఖండాలది. ముందు కాళ్ళ గుంటలు వెనక వైపు తెరిచి ఉన్నాయా మూసుకున్నాయా. ఉదరంలో ఎన్ని పలకలు కనిపిస్తున్నాయి, వాటిలో ఎన్ని కదలకుండా అతుక్కుపోయాయి. పెంకు రెక్కలు ఉదరాన్ని పూర్తిగా కప్పాయా, లేక స్టాఫిలినిడే కుటుంబంలో లాగా కురచగా ఆగిపోయాయా. ఇప్పుడున్న పురుగుల కోసం తయారైన గుర్తింపు పట్టికలు (ఇంగ్లీషులో ‘కీ’ అంటారు) వాడుతూనే, చాలా పాత అంబర్‌లో అవి దారి తప్పిస్తాయని గుర్తుంచుకోండి. ఇవాళ రెండు కుటుంబాల్లో విడివిడిగా ఉన్న లక్షణాలు క్రెటేషియస్‌లో ఒకే పురుగులో కలిసి ఉండవచ్చు.

రంగును నమ్మకండి. పెంకు నిర్మాణం వల్ల వచ్చే లోహపు మెరుపు నిలవవచ్చు గానీ గోధుమ, నలుపు, మచ్చలు అంబర్‌లో మారిపోతాయి.

కొత్తదని ఎలా తేలుతుంది

ఇదే అసలు గట్టి పని. ఆ ప్రజాతిలో పేరు పెట్టిన ప్రతి జాతినీ, శిలాజమైనా బతికున్నదైనా, మీ పురుగుతో పోల్చాలి. పాత వర్ణనలు జర్మన్‌లో, లాటిన్‌లో ఉంటాయి, ఓపికగా చదవాలి. వీలైతే హోలోటైప్‌లను, అంటే ఒక్కో జాతి పేరుకు ఆధారంగా నిలిపిన అసలు నమూనాలను, స్వయంగా చూడాలి, లేదంటే ఆ మ్యూజియం క్యూరేటర్‌కు ఉత్తరం రాసి కావలసిన కోణంలో ఫోటోలు అడగాలి. నాకు తెలిసిన క్యూరేటర్లు చాలామంది సంతోషంగా పంపుతారు.

“ఇది 4 కోట్ల ఏళ్ళ కిందటిది, అందువల్ల ఇప్పటి జాతి కాదు” అనే వాదన కొన్ని వ్యాసాల్లో కనబడుతుంది. వయసు లక్షణం కాదు. ఒంటి మీద తేడా చూపించాలి.

ఇంకో జాగ్రత్త మగ, ఆడ తేడా. ఒకే గని నుంచి పెద్ద దవడలున్నది ఒకటి, చిన్న దవడలున్నది ఒకటి దొరికితే అవి రెండు జాతులో, ఒకే జాతి జంటో ముందు ఆలోచించాలి. మగ జననాంగాలు పెంకుపురుగుల్లో జాతిని తేల్చే బలమైన ఆధారం. అంబర్‌లో అవి బయటికి పొడుచుకొచ్చి ఉండటం అదృష్టం, లేకపోతే సీటీయే దిక్కు.

తేడాలు చాలకపోతే పేరు పెట్టకుండా ప్రజాతి దగ్గరే ఆపేయండి. ఫలానా ప్రజాతికి చెందిన ఒక జాతి అని రాసి, బొమ్మలతో ప్రచురించవచ్చు. అలా ఆపడానికి ధైర్యం కావాలి, నేను దాన్ని ఎంతో గౌరవిస్తాను. తప్పుడు పేరు ఒకసారి అచ్చయితే దాన్ని పక్కన పెట్టడానికి ఇంకొకరి జీవితంలో ఒక ఏడాది ఖర్చవుతుంది.

కొత్త ప్రజాతి ప్రతిపాదిస్తున్నట్టయితే వంశవృక్ష విశ్లేషణ చేయక తప్పదు. ఆ కుటుంబం మీద ఇంతకుముందు ఎవరైనా ప్రచురించిన లక్షణాల పట్టిక తీసుకుని మీ పురుగును అందులో చేర్చండి. కనబడని లక్షణానికి ప్రశ్నార్థకం పెట్టండి, సున్నా పెట్టకండి.

కొలతలు

ఐపీస్‌లోని స్కేలును స్టేజ్ మైక్రోమీటర్‌తో (కచ్చితమైన గీతలున్న గాజు పలకతో) సరిచూసుకుని, లేదా ఫోటోల మీద ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్ వాడి కొలవండి. పొడవు ఎక్కడి నుంచి ఎక్కడిదాకానో చెప్పండి. ముక్కుపురుగైతే ముక్కును కలిపారా లేదా అన్నది తప్పనిసరి. పురుగు చూపుకు 30 డిగ్రీలు వాలి ఉంటే పొడవు 13 శాతం తక్కువగా కనిపిస్తుంది, కాబట్టి ఒంటి భాగాలను వేర్వేరు కోణాల్లో విడిగా కొలవడం మేలు. ప్రోనోటం (తల వెనకే ఉండే వీపు పలక) వెడల్పును పొడవుతో భాగించి చెప్పే నిష్పత్తులు విడి అంకెల కంటే ఎక్కువ ఉపయోగపడతాయి.

రాయడం

వ్యాసంలో ఈ భాగానికి స్థిరపడిన వరస ఉంది: క్రమం, కుటుంబం, ప్రజాతి, కొత్త జాతి పేరు, పక్కన స్పీషీస్ నోవా అనే సూచన, పేరుకు అర్థం, హోలోటైప్ నంబరు, భద్రపరిచిన చోటు, దొరికిన చోటు, కాలం, ఆ తర్వాత డయాగ్నోసిస్, దాని తర్వాత పూర్తి వర్ణన.

డయాగ్నోసిస్, వర్ణన ఒకటి కాదు. డయాగ్నోసిస్‌లో దగ్గరి బంధువుల నుంచి విడదీసే నాలుగైదు లక్షణాలే ఉండాలి, ఏ జాతి నుంచి ఏ లక్షణంతో వేరో పేరు పెట్టి చెప్పాలి. వర్ణనలో తల నుంచి ఉదరం చివరిదాకా కనబడినదంతా ఉండాలి.

“మీసాలు పొడవైనవి, చివర లావుగా ఉన్నాయి” అని ఒక విద్యార్థి రాశారనుకుందాం. దేనితో పోలిస్తే పొడవు? ఎక్కడి నుంచి లావు? దాన్నే ఇలా రాయవచ్చు: “మీసం 11 ఖండాలు, వెనక్కి చాస్తే ప్రోనోటం వెనక అంచు దాటుతుంది, 9 నుంచి 11 ఖండాలు వదులైన గదగా ఉన్నాయి, 11వ ఖండం 10వ దానికి 1.5 రెట్లు పొడవు, కొన మొన తేలింది. ఎడమ మీసం 4వ ఖండం గాలిబుడగ వెనక ఉండి కనబడలేదు.” ఆ చివరి ముక్కను సిగ్గుపడి తీసేయకండి. చదివే మనిషికి మీరు చూసిందెంత, చూడనిదెంత అని తెలిసేది అక్కడే. మౌనంగా వదిలేస్తే ఆ ఖండం మామూలుగానే ఉందని అనుకుంటారు, పట్టికల్లో అలాగే ఎక్కిస్తారు.

పేరు

పేరు లాటిన్ వ్యాకరణానికి లోబడాలి. జాతి పేరు విశేషణమైతే ప్రజాతి పేరు లింగాన్ని అనుసరిస్తుంది. పైన చెప్పిన ఆంజిమోర్డెల్లాలో మోర్డెల్లా స్త్రీలింగం, అందుకే బర్మిటినా. 2018లో వర్ణించిన క్రెటోపారాకుకుజస్ సైకాడోఫిలస్‌లో కుకుజస్ పుంలింగం, అందుకే చివర ‘అస్’ వచ్చింది. ఈ రెండోది చక్కటి పేరు. క్రెటేషియస్ కాలపు, పారాకుకుజస్ అనే ప్రజాతికి బంధువు, సైకాడ్‌లంటే (తాటిచెట్టులా కనిపించే, పూలు పూయని మొక్కలంటే) ఇష్టపడేది అని మొత్తం కథ పేరులోనే ఉంది. దాని పక్కనే అంబర్‌లో సైకాడ్ పుప్పొడి దొరికింది.

మనిషి పేరు పెడితే పురుషుడికి చివర ‘ఐ’, స్త్రీకి ‘ఏ’ చేరుతుంది. సొంత పేరు పెట్టుకోవడం ఈ రంగంలో మర్యాద కాదు. రాయి తీసిన ఊరి పేరో, కంటికి కొట్టొచ్చే లక్షణమో అయితే పదికాలాలు అర్థమవుతుంది. ఎంచుకున్నాక అదే ప్రజాతిలో ఆ పేరు ముందే ఉందేమో, కొత్త ప్రజాతి పేరైతే మొత్తం జంతుజాలంలో ఎక్కడైనా ఉందేమో వెతకండి. చేపకో నత్తకో ఉన్నా మీది చెల్లదు.

నియమావళి, మ్యూజియం, ప్రచురణ

జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కొత్త జాతి అని స్పష్టంగా ప్రకటించాలి, తేడా చూపే మాటలు ఉండాలి, హోలోటైప్ ఏదో చెప్పాలి, అది ఏ సేకరణలో, ఏ ఊళ్ళో ఉంటుందో రాయాలి. కొత్త ప్రజాతికి టైప్ జాతిని, అంటే ఆ ప్రజాతి పేరుకు ఆధారమయ్యే జాతిని, కూడా నిర్ణయించాలి. వ్యాసం ఆన్‌లైన్‌లో మాత్రమే వస్తుంటే, 2012లో చేసిన సవరణ ప్రకారం దాన్ని జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదు చేసి, ఆ నమోదు సాక్ష్యం వ్యాసం లోపలే కనిపించాలి. ప్రచురణ తేదీ కూడా అందులోనే ఉండాలి. ఒక్కటి తప్పినా పేరు చెల్లుబాటు కాదు. నమోదు చేసినంత మాత్రాన పేరు మీద హక్కు రాదు, ప్రచురణ తేదీయే లెక్క. కాబట్టి అచ్చయ్యేదాకా కొత్త పేరును పోస్టర్లలో, సదస్సు సారాంశాల్లో, ఎక్కడా బయటపెట్టకండి.

హోలోటైప్‌ను సొంత పెట్టెలో ఉంచుకోవద్దు. ఎవరైనా వెళ్ళి చూడగల మ్యూజియంకు అప్పగించి, నంబరు తీసుకున్నాకే వ్యాసం పంపండి. చాలా పత్రికలు ప్రైవేటు సేకరణలోని హోలోటైప్‌ను ఒప్పుకోవు, నా దృష్టిలో అది సరైన నియమమే. జూకీస్, జూటాక్సా, క్రెటేషియస్ రీసెర్చ్, పేలియోఎంటమాలజీ లాంటి పత్రికలు ఈ తరహా పని ప్రచురిస్తాయి. సీటీ డేటాను మార్ఫోసోర్స్, జెనోడో లాంటి ఆన్‌లైన్ భాండాగారాల్లో పెట్టి లింకు ఇవ్వండి.

పత్రిక తరఫున వ్యాసం పరిశీలించే రివ్యూయర్ “ఈ లక్షణం బొమ్మలో కనబడటం లేదు” అని రాస్తే టెన్షన్ పడకండి, వాదనకు దిగకండి. మళ్ళీ రాయి దగ్గరికి వెళ్ళి, దీపం మార్చి, కొత్త ఫోటో తీయండి. అప్పటికీ కనబడకపోతే వాక్యం తీసేయండి.

మ్యూజియంలో పెట్టేటప్పుడు హోలోటైప్ అని రాసిన ఎర్ర లేబుల్, జాతి పేరు, గని, నంబరు రాయితో పాటే ఉండాలి. కోసినప్పుడు మిగిలిన ముక్కలకూ అదే నంబరు వేసి పక్కనే పెట్టండి. గాలికీ వెలుతురుకూ అంబర్ పై పొర ఎర్రబడి, సన్నగా బీటలు వారుతుంది. చీకటిగా, చల్లగా, తేమ మారకుండా ఉండే అరలో పెట్టమని క్యూరేటర్‌ను అడగండి. ఏ రసాయనాలు వాడారో, ఎన్నిసార్లు పాలిష్ చేశారో, ఏ వైపు ఎంత మందం మిగిలిందో ఒక చీటీ మీద రాసి పెట్టెలో వేయండి. తర్వాత దాన్ని చేతిలోకి తీసుకునే మనిషి ఎమెరీ కాగితం పట్టుకునే ముందు చదవాల్సింది ఆ చీటీయే.